సముద్రానికి టైమ్‌టేబులు

బస్సు డిపోలో ఆయన్ని అందరూ నిమిషాలాయన అంటారు. ఏ బస్సు ఏ స్టాపులో ఎన్నింటికి ఆగాలో పాతికేళ్లుగా రాస్తున్నది ఆయనే. మేడ మీది గదిలో మంచమంత బల్ల మీద గళ్ల కాగితాలు పరుచుకొని, చెవి వెనక పెన్సిలు దోపుకొని కూర్చుంటాడు. ఆయన గీసిన గీతల ప్రకారం ఊరంతా పనికి పోతుంది, ఇల్లు చేరుతుంది. కట్టుకున్న భార్యను మాత్రం పద్దెనిమిదేళ్లలో ఎక్కడికీ తీసుకెళ్లలేదు మహానుభావుడు. ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే.

ఆమె అడిగిందల్లా సముద్రం చూపించమని. రెండు గంటల దూరంలో నేషనల్ పార్కు ఉంది. అందులో అడవి దాటితే ఉప్పునీటి మడుగు, మడుగు దాటితే ఇసుక దిబ్బ, దిబ్బ అవతల సముద్రం. "వచ్చే ఆదివారం" అని ఆయన అనని నెల లేదు. ఆదివారం రాగానే డిపోలో ఏదో ఒకటి ముంచుకొచ్చేది.

ఈ ఏడు మాత్రం పట్టుదలగా కూర్చున్నాడు. రోజూ సాయంత్రం భోజనాల బల్ల తుడిచి, గళ్ల కాగితం పరిచేవాడు. చుట్టూ భార్య, పన్నెండేళ్ల కూతురు, తల్లి.

"ఎనిమిదీ పదికి ఇంట్లోంచి కదలాలి. పదకొండింటికి మడుగు దగ్గరుంటాం. అప్పటికి నీళ్లు తగ్గి, అవతలికి ఇసుక దారి తేలుతుంది. పార్కు ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నా."

"గవ్వలేరుకోడానికి ఎంతసేపు నాన్నా?"

"ఇరవై రెండు నిమిషాలు."

"ఇరవై మూడో నిమిషంలో మంచి గవ్వ కనబడితేనో?"

"ముందు గవ్వల కోసం ఆ డబ్బాలు సర్దడం ఆపవే," అంది నాయనమ్మ. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని!"

భార్య కళ్లు మూసుకొని వినేది. ఆయన ఒక్కో గడి నింపుతుంటే ఆమె ఒక్కో అడుగు వేసేది. "చెట్ల కింద నడుస్తున్నా... ఇదిగో, మడుగులో కాళ్లు తడిశాయి... దిబ్బ ఎక్కుతున్నా, హోరు వినబడుతోంది." అక్కడితో ఆగిపోయి కళ్లు తెరిచేది. "చాలు. అవతలిది అక్కడికెళ్లాకే," అనేది. ఆ కొన్నాళ్లూ ఇంట్లో ఎవరూ పూర్తిగా ఇంట్లో లేరు. కూర మాడినా ఎవరూ ఏమీ అనలేదు.

తీరా శనివారం సాయంత్రం ఫోన్ మోగింది. డిపోలో రెండో గుమాస్తాకు జ్వరం, ఆదివారం ఈయనే రావాలి. ఆయన వస్తానన్నాడు. భార్య సంచిలో సర్దిన తువాళ్లు తీసి బీరువాలో పెట్టింది.

"ఈసారికి సరేనండీ. వచ్చే ఆదివారం కూడా కుదరకపోతే ఇక అడగను. కోపమేం కాదు. అడిగి అడిగి నోరు అలిసిపోయింది."

ఆయనకు సైకిలు సంగతి గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆమె సైకిలు తొక్కడం నేర్పమని రెండేళ్లు అడిగి మానేసింది. ఆ తర్వాత ఆయన సైకిలు కొని గుమ్మంలో నిలబెట్టినా, దాని వంక చూడలేదు. అడగడం మానేసిందంటే ఆ కోరిక ఆమెలో చచ్చిపోయినట్టే.

ఆయన రబ్బరుతో కాగితం పైనున్న తేదీ చెరిపి, వారం తర్వాతి తేదీ వేశాడు. కింద ఒక్క గడి కూడా ముట్టుకోలేదు. ఆయన లెక్కలో ఆదివారం టైమ్‌టేబులంటే ఏ ఆదివారానికైనా అదే.

మరుసటి ఆదివారం బస్సులన్నీ నిమిషం తప్పకుండా నడిచాయి. పదకొండింటికి సరిగ్గా మడుగు ఒడ్డుకి చేరారు. దారి లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నిండుగా నీళ్లు.

"పదకొండింటికి తగ్గుతాయని మీ ఆఫీసువాళ్లే చెప్పారు," అన్నాడాయన ఫారెస్టు గార్డుతో.

"ఎప్పుడు చెప్పారు సార్? పోయిన వారమా? నీళ్లు తగ్గే వేళ రోజుకి ముప్పావుగంట పైనే ఆలస్యమవుతుంది. వారం తిరిగేసరికి తగ్గాల్సిన వేళకి నిండుతాయి. సముద్రానికి ఆదివారమేంటి సార్?" అన్నాడు గార్డు. "ఐదు దాటితే గాని దారి తేలదు."

ఆఖరి బస్సు నాలుగున్నరకి. రెండేళ్ల కిందట, సాయంత్రం ఆ అడవిలో ఎవరుంటారని ఆరు గంటల బస్సు తీసేసింది ఈ పెద్దమనిషే. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారు. ఈయన కుటుంబంతో సహా పడ్డాడు.

చెట్టు నీడన దుప్పటి పరిచారు. నీళ్ల మీద మబ్బులు మెల్లగా అటు నుంచి ఇటు నడిచాయి. తెల్ల కొంగలు ఒంటికాలి మీద నిలబడి కునికిపాట్లు పడ్డాయి. దిబ్బ వెనక సముద్రం హోరెత్తుతోంది, కనబడటం లేదు. నాయనమ్మ, మనవరాలు నిద్రపోయారు. భార్య మోకాళ్లు ముడుచుకొని ఆ హోరునే వింటూ కూర్చుంది. ఆయనకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

నాలుగు దాటాక ఆమె లేచి ఇసుక దులుపుకుంది.

"పదండి. మడుగైనా చూశాంగా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆయన తట్టుకునేవాడు. గబగబా గేటు దగ్గరికి నడిచాడు. డ్రైవరు ఆయన్ని గుర్తుపట్టి నవ్వాడు.

"రండి సార్, మీరు రాసిన టైమే."

"నువ్వు పోనీ."

"ఇంకో బస్సు లేదు సార్!"

"తెలుసు. నేనే తీసేశా."

బస్సు వెళ్లిపోయింది. పాతికేళ్లలో ఆయన తెలిసి తెలిసి వదులుకున్న మొదటి బస్సు అది. గార్డు జాలిపడి, ఏడున్నరకి డ్యూటీ వ్యాను ఉందనీ, పెద్దావిడకి ముందు సీటిస్తామనీ, మిగతావాళ్లు వెనక సర్దుకోవాలనీ చెప్పాడు.

ఐదుంబావుకి నీళ్లలోంచి తడి ఇసుక సన్నగా బయటపడింది. చూస్తుండగానే మనిషి నడిచేంత అయింది. నలుగురూ చేతులు పట్టుకొని దాటారు, దిబ్బ ఎక్కారు. పైన భార్య ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత దిగి, మోకాలి లోతు నీళ్ల దాకా నడిచి, అక్కడే నిలబడింది. అలలు వచ్చి ఆమెను కాస్త ఊపి వెళ్తున్నాయి. ఆయన ఇసుకలో కూలబడి ఆమెనే చూశాడు. ఇన్నాళ్లూ తీసుకురానందుకు ఏడుపొచ్చింది, ఇవాళైనా తెచ్చినందుకు సంతోషమూ వేసింది.

పొద్దు వాలుతుండగా గార్డు ఈల వేశాడు. ఆమె తడిసిన బట్టలు పిండుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది.

"తెల్లవారుజామున దీని రంగు వేరేగా ఉంటుందటండీ. ఎప్పుడు తీసుకొస్తారు?"



"ఏదీ, ఇంకోసారి అడుగు," అన్నాడు.

ఆమె అడిగింది.