బుచ్చమ్మ కారెక్కిన రోజు

మా మనవరాలి ఆఫీసువాళ్లు వచ్చే ఆదివారం కార్లతో ట్రెజర్ హంట్ పెట్టారట. కారుకు ఇంతని చందా కట్టాలి, చీటీల్లో రాసిన ఆనవాళ్లు పట్టుకుని గచ్చిబౌలి నుంచి తెల్లాపూర్ దాకా తిరగాలి, తెమ్మన్నవన్నీ తెచ్చి అందరికన్నా ముందు చేరినవాళ్లకు కప్పు. పోగైన డబ్బు పేదపిల్లల చదువుకు. "నీకు తెలీదులే అమ్మమ్మా, కొత్త ఆట" అంది. కొత్త ఆటట! నాకు ఒళ్లు మండిపోయింది. చందా ఇస్తాను గానీ ఆ ఆట పేరు నా ముందు ఎత్తకు అన్నాను. అది మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. దానికి చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

బుచ్చమ్మ నాకు వరసకు ఏమీ కాదు. మా అమ్మ చంద్రమ్మకు మొదటి పెళ్లి అత్తగారు. కోకాపేటలో ఉండేది. మొగుడు చిన్న వయసులోనే పోతే మోదుగాకు తెచ్చి విస్తర్లు కుట్టి, కట్టలు నెత్తిన పెట్టుకుని హైదరాబాదు కార్వాన్ దాకా నడిచి అమ్మి ఒక్క కొడుకును పెంచింది. ఆ కొడుకు ఎల్లేశం. బుచ్చమ్మ నోరు పెద్దదనీ, పొద్దున లేస్తే కోడలితో ఏదో ఒకదానికి తగువు పెట్టుకునేదనీ అమ్మ చెప్పేది. సాయంత్రమయ్యేసరికి అదే కోడల్ని ముందు కూర్చోబెట్టుకుని తలదువ్వేదట. మా అమ్మకు తల్లి లేదు. ఆమెనే తల్లి అనుకుంది.

నిజాం రాజ్యం పోయి యూనియన్ పటాలాలు దిగిన తరువాతి చలికాలం అది. రజాకార్ల పీడ వదిలిందని ఊరు ఊపిరి పీల్చుకునే లోపే, కమ్యూనిస్టు సంగం వాళ్లను వెతుకుతూ పోలీసు లారీలు తిరగడం మొదలైంది. కోకాపేట గుట్టల్లో దాగిన ఇద్దరికి ఎవరో జొన్నగటక పోశారని కబురు పోయింది. పోసింది బుచ్చమ్మే. ఆకలితో ఉన్నవాళ్లకు గటక పోయడం నేరమని ఆమెకేం తెలుసు? లారీ వచ్చి ఇంటి ముందు ఆగి, ఎవరు పోశారని గద్దించినప్పుడు ఆమె నోరు తెరిచే లోపే ఎల్లేశం ముందుకొచ్చి నేనే పోసినన్నాడు. రెక్కలు విరిచికట్టి లారీలో పడేశారు. పెళ్లయి ఏడాది కూడా కాలేదు.

ఆ తరువాత బుచ్చమ్మ కుట్టిన విస్తర్లు తక్కువ, తిరిగిన తిరుగుడు ఎక్కువ. పట్నంలో ఏ జైలు గేటు దగ్గరికి వెళ్లినా ఇక్కడ లేడు పొమ్మన్నారు. ఒకచోట గుల్బర్గా పంపి ఉంటారన్నారు, ఇంకోచోట కసిరి తరిమారు. ఊళ్లో పెద్దమనుషులు నోరు మూసుకుని ఉండు, లేకుంటే నిన్నూ నీ కోడల్నీ కూడా ఎత్తుకుపోతారని భయపెట్టారు. ఆమెకు భయం లేదు. ఆమె కోరిందల్లా ఒక్కటే. పెద్ద దొరలెవరైనా కంటికి కనబడితే, గటక పోసింది నేను, నన్ను పట్టుకుని నా కొడుకును వదలండి అని చెప్పాలి. చెప్పడానికి దొర దొరకాలి కదా! లేచింది మొదలు పడుకునేదాకా అదే మాట కోడలికి చెప్పి చెప్పి చంపేదట.

ఉగాది వెళ్లాక ఒక ఆదివారం పొద్దున ఊరి బయట మోటార్ల చప్పుడైంది. ఊళ్లో వాళ్లకు మోటారంటే పోలీసే. మగవాళ్లు గుట్టల్లోకి పరుగెత్తారు, ఆడవాళ్లు తలుపులు బిగించుకున్నారు. వచ్చింది పోలీసులు కాదు. సికింద్రాబాదు వైపు ఏదో క్లబ్బులో ఆఫీసర్లు, పెద్ద వ్యాపారులు, వాళ్ల దొరసానులు కలిసి పెట్టుకున్న ట్రెజర్ హంట్ అది. గొడవల్లో గుల్లయిన ఊళ్లవాళ్లకు బట్టలు పంచాలని చందాలు పోగుచేస్తున్నారు. గండిపేట కట్ట మీద ఒక చీటీ, తెల్లాపూర్ దగ్గర రాయి సందులో ఇంకో చీటీ. ఆఖరి చీటీలో ఏముందంటే, మీరు దాటొచ్చిన పల్లెల్లో అందరికన్నా ముసలి మనిషిని కారులో ఎక్కించుకుని క్లబ్బుకు తీసుకురండి అని. రాసినవాడు రాసుకుని ఎంత నవ్వుకున్నాడో! మనిషిని తెమ్మనడమేమిటి, బుద్ధి ఉండక్కర్లేదా?

అన్ని కార్లూ పల్లెపల్లెకూ తిరిగాయి. ఎక్కడ చూసినా మూసిన తలుపులే. కోకాపేటకు వచ్చిన కారును నడిపేది రామచంద్రం అనే తెలుగు డ్రైవరు. వెనక సీట్లో అతని యజమాని, యజమాని భార్య. వాళ్లకు తెలుగు రాదు. వాళ్లు చెప్పమన్నట్టు రామచంద్రం వీధిలో నిలబడి, ఊళ్లోకెల్లా ముసలివాళ్లెవరో పెద్ద దొరల దగ్గరికి రావాలి, మళ్లీ దింపేస్తామని కేకేశాడు. ఒక్క తలుపే తెరుచుకుంది.

దొరలు అన్న మాట చెవిన పడగానే బుచ్చమ్మ చేతిలో ఆకు అక్కడే పడేసి వచ్చింది. కారుకు అడ్డంగా నిలబడి అడిగింది.

"పెద్ద దొరల కాడికేనా?"

"ఆ అవ్వా. మస్తుమంది దొరలుంటరు. నీకెన్నేండ్లుంటయి?"

మా పక్క అప్పట్లో వయసు లెక్క నలభై ఏళ్ల కిందటి మూసీ వరదతోనే. వరద వచ్చిన ఏడు బుచ్చమ్మ కొత్త పెండ్లికూతురు. ఆ లెక్కన అరవై కూడా నిండి ఉండవు. ఎండకు మాడి, కొడుకు దిగులుతో ముడతలు పడి మరీ ముసలిదానిలా కనబడేది, అంతే. ముసలివాళ్లనే ఎక్కించుకుంటారని ఆమెకు అర్థమైంది.

"మూసి పొంగిననాటికే నాకు మనుమండ్లున్నరు," అంది.

ఎదురింటి తలుపు వెనక పెంటయ్య వింటూనే ఉన్నాడు. వరదనాటికి నిజంగా మనవలున్నది ఆయనకు. అబద్ధమని అరిస్తే కారు ఆయన్ని ఎక్కించుకునేది. కొడుకు కోసం అన్నదని తెలిసి నోరు మెదపలేదని తరువాత మా అమ్మతో చెప్పి కంటనీరు పెట్టుకున్నాడు. మా అమ్మ గబగబా నాలుగు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ మూటగట్టి పరుగెత్తుకొచ్చి అత్త ఒడిలో పెట్టింది, ఎల్లేశం కనబడితే ఇవ్వమని. సంతోషంతో తనకు కాళ్లు నిలవలేదని అమ్మ అనేది.

క్లబ్బులో జరిగింది మాకు రామచంద్రం చెప్పాడు. నా చదువు కోసం మేం లంగర్‌హౌజ్‌లో కిరాయికున్నప్పుడు ఆయన మా పక్క వాటాలో ఉండేవాడు. పాత ముచ్చట్లు చెప్పడం ఆయనకు సరదా. తన జీవితంలో ఒకసారి తన కారు గెలిచిందని నవ్వుతూనే మొదలుపెట్టాడు, మా అమ్మ ముఖం చూసి మధ్యలో ఆగిపోయాడు. ఆపితే అమ్మ ఊరుకోలేదు. మొత్తం చెప్పించుకుంది.

తక్కిన కార్లలో ఒక్కరూ మనిషిని తేలేకపోయారు. బుచ్చమ్మ దిగగానే పచ్చికలో కూర్చున్నవాళ్లందరూ లేచి చప్పట్లు కొట్టారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి మెడలో పూలదండ వేశారు. ఇందరు దొరలు తన కోసం లేచి నిలబడితే ఆ పిచ్చితల్లి ఏమనుకుంటుంది? తన మాట వినడానికే అనుకుంది. అందరిలోకీ పెద్ద ఆఫీసరు భార్య, తెల్లజుట్టు దొరసాని, దగ్గరికి రాగానే బుచ్చమ్మ కుర్చీ దిగి ఆమె కాళ్లు పట్టుకుంది.

"దొరసానీ, సంగపోళ్లకు గటుక పోసింది నేను. నా కొడుకు ఏ పాపం ఎరుగడు. నన్ను జేల్ల ఏసి నా ఎల్లేశాన్ని ఇడువుండ్రి."

ఆ దొరసాని మంచి మనిషే అంటాడు రామచంద్రం. వంగి బుచ్చమ్మను లేపి, ఏమంటున్నదని అతన్ని అడిగింది. అన్ని పటాలం టోపీల మధ్య సంగం మాట ఎత్తితే ఈ ముసలమ్మను ఇక్కడికిక్కడే పట్టుకుంటారు, తన నౌకరీ కూడా ఊడుతుంది. మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలని దీవిస్తున్నదని చెప్పాడు. దొరసాని కళ్లు చెమర్చాయి. పంచడానికి తెచ్చిన బట్టల మూట పక్కనే ఉంది. అందులోంచి ఒక కొత్త తెల్లదుప్పటి తీసి బుచ్చమ్మ రెండు చేతుల్లో పెట్టి, భుజం మీద మెల్లగా తట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరో ఫోటో తీశారు.

కొడుకు సంగతి అడిగింది. చేతిలో తెల్లబట్ట పెట్టి, కంటతడితో భుజం తట్టారు. మా పల్లెల్లో చావుకబురని తప్ప దానికి ఇంకో అర్థం లేదు.

బుచ్చమ్మ ఇంకేమీ అడగలేదు. నువ్వు వచ్చింది ఊరికే పోలేదు అవ్వా, మంచి దుప్పటి దొరికిందని దారిలో రామచంద్రం అంటే అతని ముఖం వైపు చాలాసేపు చూసిందట. అలసిపోయిందనుకున్నాడు. ఊరి బయట దించి వెళ్లిపోయాడు. రొట్టెల మూట సీటు కింద మర్నాడు కనబడింది.

మా అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. అత్త ఒక్కతే రావడం, చేతిలో ఆ బట్ట ఉండడం చూసి అక్కడే కూర్చుండిపోయింది.

"ఎవలు జెప్పిండ్రత్తా? ఏమని జెప్పిండ్రు?"

"ఎవలు జెప్తరు బిడ్డా. చేతుల వెట్టిండ్రు. ఇగ వాని కోసం సూడకు."

ఇంకోసారి ఎవరినైనా అడిగి చూద్దామని పెంటయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఎవరిని అడగాలి? ఎవరు వెళ్లి అడుగుతారు? శవం లేని చావుకు మోదుగాకులతో మనిషిని చేసి కాలుస్తారు కదా, బుచ్చమ్మ విస్తర్ల కోసం ఎండబెట్టుకున్న ఆకుతోనే కొడుకును చేసింది. తలా, చేతులూ, కాళ్లూ తానే కూర్చిందట, ఎవరినీ ముట్టనివ్వలేదు. దాని మీద ఆ దుప్పటి కప్పి, దాయాది పాలివాడు బాలనర్సయ్య చేత నిప్పు పెట్టించారు. మా అమ్మ గాజులు పగలగొట్టడానికి ఎవరికీ చేతులు రాకపోతే అదీ బుచ్చమ్మే చేసింది. అంతటితో ఆమె విస్తర్లు కుట్టడం మానేసింది, తగువులాడడం మానేసింది. వానలు పడే లోపే పోయింది. నా గటుకే వాణ్ని చంపిందన్నది ఆమె ఆఖరి మాట.

మరుసటి ఏడు మా మేనమామ మా అమ్మను గచ్చిబౌలిలో రాళ్లు కొట్టే నర్సింహకు మారుమనువు ఇచ్చాడు. ఆయనే మా నాన్న. మంచివాడు, ఏనాడూ ఒక్క మాట అన్నవాడు కాదు. నేను పుట్టాను. ఈ మాట రాయడానికి కష్టంగానే ఉంది గానీ, ఆ ఆట జరగకపోతే నేను పుట్టేదాన్నే కాదు.

నాకింకా పళ్లు రాని రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను చంకనెత్తుకుని మా నాన్నకు సద్ది తీసుకుని వెళ్తోంది. లింగంపల్లిలో రైలు దిగి కోకాపేట వైపు నడిచి వస్తున్న మనిషి ఒకడు ఎదురుపడ్డాడు. గుండు, ఎముకల గూడు. ముందు గుర్తుపట్టలేదు. ఎల్లేశమని గుర్తుపట్టాక సద్దిగిన్నె జారి కిందపడింది. ఎక్కడో గుల్బర్గా అవతలి జైల్లో ఉంచి, ఏ నేరమూ తేలక వదిలేశారట.

అతను ముందు తల్లిని అడిగాడు. పోయిందని అమ్మ చెప్పింది. దారి పక్క రాయి మీద కూర్చున్నాడు.

"నా కోసం సూసిందా?"

మీ అమ్మ తన చేత్తోనే నిన్ను చేసి తగలబెట్టిందని, తన చేత్తోనే నా గాజులు పగలగొట్టిందని ఆ మనిషితో ఎలా చెప్పడం? తల్లి కోసం జైలుకు పోయినవాడు.

"సచ్చేదాంక సూసింది. వస్తడనే అన్నది."

అప్పుడు అతను తలెత్తి, ఆమె చంకలో ఉన్న నన్ను చూశాడు.

"మరి నువ్వు?"

నువ్వు పోయావనుకునే మారుమనువు చేసుకున్నానని చెప్పాలంటే, ఇంతకుముందు అన్నదంతా అబద్ధమని చెప్పాలి. మా అమ్మ చెప్పలేదు. అతను లేచాడు. కోకాపేట వెళ్లి ఉంటే పెంటయ్య జరిగింది చెప్పేవాడు. తల్లి లేని ఊళ్లో తనకేం పని అనుకున్నాడో ఏమో, వచ్చిన తోవనే లింగంపల్లి వైపు తిరిగిపోయాడు. ఆ తరువాత అతన్ని చూసినవాళ్లు లేరు. నేను గుక్కపట్టి ఏడుస్తుంటే అమ్మ నన్ను ఊరుకోబెడుతూ అక్కడే నిలబడిందట. వెనక్కి పిలవలేదు.