ఇరవై ఏడు శాతం దగ్గర ఆగిన కంప్యూటర్

ముందే చెబుతున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాట చెప్పి ఆ వెంటనే దయ్యం కథ ఎత్తుకునేవాళ్లంటే ఇంకా చిరాకు. దసరాకు మా ఆవిడ షాపుకు వచ్చి కంప్యూటర్‌కు బొట్టు పెట్టి పోతుంది. ఆమె మెట్లు దిగేలోపే నేను తడిగుడ్డతో తుడిచేస్తాను. కుంకుమ పవర్ బటన్‌లో ఇరుక్కుంటుందని నా బాధ. అట్లాంటి మనిషిని నేను. అందుకే ఆ రోజు జరిగింది ఇన్నాళ్లూ బయట ఎవరికీ చెప్పలేదు.

అమీర్‌పేట నుంచి ఎస్.ఆర్. నగర్ వైపు పోయే ఒక సందులో, మొదటి అంతస్తులో నాకు చిన్న షాపు ఉంది. ఉద్యోగాలకు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం, హాల్ టికెట్లు తీసివ్వడం, జిరాక్స్. పదహారేళ్లుగా ఇదే పని. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి రెండు స్టూళ్లు.

పోయినేడు వానాకాలం నుంచి ఆ కంప్యూటర్‌కు అప్‌డేట్ల పిచ్చి పట్టింది. ఎవరిదో ఫారం సగం నింపి ఉంటాను, అడగదు, చెప్పదు, తెర నీలంగా మారిపోతుంది. అప్‌డేట్లు జరుగుతున్నాయి, కంప్యూటర్ ఆపవద్దు అని వస్తుంది. పని ఆపింది అది, ఆపవద్దని బుద్ధి చెప్పేది నాకు. పది నిమిషాల తర్వాత మళ్లీ తెరుచుకుంటుంది. అప్పటిదాకా నింపింది గంగలో కలిసినట్టే, మళ్లీ మొదటి గడి నుంచి కొట్టాలి. ఫారాలు నింపించుకోవడానికి వచ్చిన హాస్టల్ పిల్లల ముందు నా పరువు పోయేది. రెండుసార్లు కీబోర్డును బల్లకేసి కొట్టాను కూడా. అందులో ఒకసారి స్పేస్ బార్ ఊడి వచ్చింది.

పంజాగుట్టలో కంప్యూటర్లు బాగుచేసే మహేశ్‌ను పిలిచాను. ముందు అప్‌డేట్లను వారం వాయిదా వేశాడు. వారం తిరగ్గానే మళ్లీ మొదలైంది. షాపు తెరిచి ఉండే వేళల్లో రీస్టార్ట్ కాకుండా సెట్టింగ్ మార్చాడు. అదీ నాలుగు రోజుల ముచ్చటే. చివరికి ఉన్న అప్‌డేట్లన్నీ ఒకేసారి ఎక్కించి, ఆ తర్వాత అసలు రాకుండా లోపలెక్కడో బందు చేశాడు.

"ఇగ నువ్వు చెప్పంది ఒక్కటి గూడ రాదన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

నిజంగానే పన్నెండు రోజులు దానికి ఏ రోగమూ రాలేదు.

ఇక నస్రీన్ గారి సంగతి చెప్పాలి. ఎస్.ఆర్. నగర్‌లో ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్ చెప్పే టీచరు. ప్రభుత్వ బడిలో ఉద్యోగం ఆమె కోరిక. నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా నా దగ్గరికే వచ్చేవారు, భర్త యూసుఫ్ భాయ్‌తో కలిసి. ఆయనది పంజాగుట్టలో కారు సీట్లకు కవర్లు కుట్టే పని. తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు. అందుకే నేను సబ్మిట్ కొట్టబోయే ప్రతిసారీ బల్ల మీద రెండు వేళ్లతో తట్టి ఆపేవారు.

"జర ఆగు భాయ్. పైనుంచి ఒక్కసారి చదువు."

నేను గట్టిగా చదవాలి, ఆయన కళ్లు మూసుకుని వినాలి. ఆమె పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, అన్నీ. వెనక లైను మెట్ల దాకా ఉన్నా సరే. లోపల నేను ఎంత తిట్టుకునేవాణ్నో దేవుడికి తెలుసు. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ఆయన మెట్లు ఎక్కుతున్నారంటేనే నాకు ఒళ్లు మండేది.

మూడేళ్ల కింద యూసుఫ్ భాయ్ గుండెపోటుతో పోయారు. పోయినేడు నోటిఫికేషన్‌కు నస్రీన్ గారు ఒక్కరే వచ్చారు. చదివి వినిపించమని అడిగేవాళ్లు లేరు, నేను పది నిమిషాల్లో ముగించాను. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. సర్టిఫికెట్ల పరిశీలన దాకా వెళ్లి అక్కడ ఆగిపోయింది. వివరాలు సరిపోలేదు అన్నారట. ఏ వివరాలని గట్టిగా అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది. ఏడుస్తూ బస్సెక్కి వచ్చేశానని చెప్పారు.

ఈ ఏడు మళ్లీ నోటిఫికేషన్ పడింది. వయసు పరిమితి ప్రకారం ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. ట్యూషన్లు, తన పాప పరీక్షలు అంటూ ఆలస్యమై, ఆఖరి రోజున వచ్చారు. సాయంత్రం ఐదింటికి గడువు.

"పోయినసారి నా పేర్లల్ల తేడా వచ్చిందేమో భాయ్. ఒకదాంట్ల బేగం ఉంది, ఒకదాంట్ల సుల్తానా ఉంది. ఈసారి అఫిడవిట్ సుత తెచ్చిన" అన్నారు.

సరే అని పోయినేడు నింపిన ఫారం పక్కన తెరిచి పెట్టుకున్నాను. మా సందులో అందరి పద్ధతీ ఇదే. పాత ఫారంలోంచి కాపీ కొట్టి కొత్తదాంట్లో వేయడం, మారినవి మార్చడం. ఒక్కో మనిషి కాగితాలు ముందేసుకుని కూర్చుంటే ఆఖరి రోజు లైను కదలదు.

పదకొండుంబావుకు అంతా నింపేశాను. సబ్మిట్ మీదికి మౌస్ తీసుకెళ్లాను. తెర నీలంగా మారింది.

నా నోట్లోంచి ఒక మాట జారింది. ఆమె విననట్టు గోడ వైపు చూశారు. పది నిమిషాలకు తెరుచుకుంది. మళ్లీ నింపాను, మళ్లీ సబ్మిట్ దగ్గరికి వచ్చాను, మళ్లీ నీలం. మహేశ్‌కు ఫోన్ చేసి నాలుగు దులిపాను. అది జరిగే పని కాదన్నాడు, నేను అబద్ధం చెబుతున్నట్టు.

మూడోసారి కంటిరెప్ప వేయకుండా నింపాను. వేలు మౌస్ మీద నొక్కబోతుండగా, సరిగ్గా అదే చోట, నీలం. ఈసారి ఇరవై ఏడు శాతం దగ్గర నిలిచిపోయింది. పన్నెండు గంటల పదహారు నిమిషాలకు నేను ఆ తెరను ఫొటో తీసి మహేశ్‌కు పంపాను. ఆ టైము ఫోన్‌లో ఇప్పటికీ ఉంది.

పక్క షాపుకు పంపేద్దామని బయటికి వెళ్లి చూశాను. అక్కడ లైను కింద రోడ్డు దాకా ఉంది. ఇంకో పక్క, నా కస్టమర్‌ను నా చేత్తో పక్కోడికి అప్పగించడానికి మనసు ఒప్పలేదు. నా తలబిరుసు అది, ఎందుకు దాచాలి.

వెనక ఉన్న పిల్లలు విసుక్కుని వెళ్లిపోయారు. షాపులో మేమిద్దరమే మిగిలాం. ఇరవై నిమిషాలు గడిచాయి. ఇరవై ఏడు ఇరవై ఏడుగానే ఉంది. నస్రీన్ గారి వేళ్లు ఫైలు మూలను మడుస్తూ, విప్పుతూ ఉన్నాయి. ఈ అవకాశం పోతే ఆమెకు ఇంకోటి లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

"ఊకె కూసునుడెందుకు భాయ్" అన్నారు చివరికి. "పోయినేటి కాయితం నా దగ్గర ఉంది. జర చదువు. నేను సర్టిఫికెట్లు చూస్త."

పోయినేటి ప్రింటు తీసి నా చేతికిచ్చారు. నేను మొదలుపెట్టాను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. ఆమె ఒక్కో కాగితం చూసి ఊఁ అంటున్నారు. తర్వాత చదువు వివరాలు వచ్చాయి. మన దగ్గర ఉద్యోగాల ఫారంలో ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఏ జిల్లాలో చదివారో ఏడు గడుల్లో రాయాలి. ఎక్కువ ఏళ్లు చదివిన జిల్లాకే వాళ్లు స్థానికులు.

"ఒకటో తరగతి, హైదరాబాద్" అని చదివాను.

"కాదు భాయ్" అన్నారు ఆమె, తల ఎత్తకుండానే. "సదాశివపేట. ఆరో తరగతి దాంక అక్కడ్నే కదా. ఏడుకు ఈడికొచ్చినం."

నేను మిగతా గడులు కూడా చూశాను. ఏడు గడుల్లోనూ హైదరాబాద్ అనే ఉంది. పోయినేడు ఆమెకన్నా ముందు నింపిన మనిషిది మార్చకుండా వదిలేసినట్టున్నాను. ఆమె ఇక్కడే ఉంటారు, ఇక్కడే చదివి ఉంటారులే అనుకుని కూడా ఉంటాను. సదాశివపేట ఉండేది సంగారెడ్డి జిల్లాలో. అక్కడి స్థానికురాలిని హైదరాబాద్ చేసి పెట్టాను. వివరాలు సరిపోలేదు అన్నది ఇదే. బేగం కాదు, సుల్తానా కాదు. అఫిడవిట్ కోసం ఆమె నోటరీల చుట్టూ తిరిగింది ఉత్తపుణ్యానికే.

పైగా ఈ రోజు మూడుసార్లూ నేను నింపింది ఆ పాత ఫారంలోంచే. మూడుసార్లూ హైదరాబాదే. సబ్మిట్ అయితే ఇక మార్చడానికి వీలుండదు.

చెప్పకుండా దిద్దేయొచ్చు, ఆమెకు తెలిసేది కూడా కాదు. ఒక్క నిమిషం ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కానీ ఎదురుగా ఆ అఫిడవిట్ కనిపిస్తోంది.

"మేడమ్, పోయినేడు మీ తప్పేం లేదు. తప్పు నాది. జిల్లా నేనే తప్పు రాసిన" అన్నాను.

ఆమె సీసా తీసి నీళ్లు తాగారు. తిడితే బాగుండు అనిపించింది. తిట్టలేదు.

"ఇప్పుడు సరిగ్గ రాయి భాయ్" అన్నారు.

అప్పుడు తల తిప్పి చూస్తే తెర మీద నీలం లేదు. ఎప్పుడు పోయిందో ఇద్దరం చూడలేదు. పాస్‌వర్డ్ అడగలేదు. దరఖాస్తు పేజీ తెరిచి ఉంది, నేను మూడోసారి నింపినదంతా నింపినట్టే ఉంది. కర్సర్ ఒకటో తరగతి జిల్లా గడిలో కొట్టుకుంటోంది. దాన్ని నేనే అక్కడ వదిలానా అంటే, ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఆ వెబ్‌సైటు ఇరవై నిమిషాలు ముట్టకపోతే బయటికి తోసేస్తుంది. ఆ రోజు నలభై నిమిషాలకు పైనే అయినా తోయలేదు.

ఆరు గడులూ దిద్దాను. మొత్తం పైనుంచి కింద దాకా గట్టిగా చదివాను. సబ్మిట్ కొట్టాను. వెంటనే పోయింది. రసీదు ప్రింటు తీసి ఇచ్చాను.

మధ్యాహ్నం మహేశ్ మూతి ముడుచుకుని వచ్చాడు. నేను తిట్టిన తిట్లు గుర్తున్నాయి మరి. కంప్యూటర్ లోపలి రికార్డులన్నీ తెరిచి చూశాడు. అప్‌డేట్ల జాబితాలో ఆఖరిది పన్నెండు రోజుల కిందటిది. కంప్యూటర్ ఎప్పుడు ఆన్ అయింది, ఎప్పుడు ఆగింది అని ఇంకో చోట రాసి ఉంటుంది. అదీ చూశాడు.

"అన్నా, గిది పొద్దుగాల తొమ్మిది నలభైకి చాలూ అయింది. అప్పటిసంది ఒక్కసారి గూడ రీస్టార్ట్ కాలే" అన్నాడు.

"మరి నేను పంపిన ఫొటో ఏందిరా?"

మహేశ్ తన ఫోన్ తీసి ఫొటో చూశాడు, కంప్యూటర్ వైపు చూశాడు. "గదే సమజైతలేదన్నా" అని తల గోక్కున్నాడు. ఆ రోజు రిపేరుకు పైసలు కూడా అడగలేదు.

ఆ ఫొటోను నేను ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో లెక్క లేదు. నీలం తెర, తెల్ల అక్షరాలు, ఇరవై ఏడు శాతం, మూలన ట్యూబ్‌లైటు వెలుగు. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఉందని చెబితే కథ రక్తి కడుతుంది గానీ, లేనిది ఎట్లా చెప్పను.

పరీక్ష అయింది, ఫలితాలు వచ్చాయి, సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వచ్చింది. ఆ రోజు నాకు షాపులో పని సాగలేదు. ఫోన్ మోగినప్పుడల్లా చేతిలో పని వదిలేసి చూశాను. సాయంత్రం నాలుగింటికి ఆమె నుంచి ఒక్క మాట వచ్చింది, "అయింది భాయ్" అని. షట్టర్ సగం దించి, మొహం కడుక్కుని వచ్చాను.

ఇప్పుడు ఆమె సదాశివపేట దగ్గర ఒక బడిలో టీచరు. చేరిన వారానికి పాపను వెంటబెట్టుకుని, ఇంట్లో చేసిన ఖుబానీ కా మీఠా స్వీటు డబ్బాతో వచ్చారు. అప్పుడు చెప్పాను ఆమెకు, మహేశ్ చూసింది, రికార్డులో ఉన్నది. భయపడతారేమో అనుకున్నాను. ఆమె పక్కనున్న ఖాళీ స్టూలు వైపు చూసి నవ్వారు. కళ్లలో నీళ్లున్నాయి.

"ఆయన ఎన్నడన్న ఒక్కసారికే సబ్మిట్ కొట్టనిచ్చిండా భాయ్?"

నేను దీనికి అవును అనను. నాకు తెలిసిన ఏ లెక్క ప్రకారమూ ఆ రోజు జరిగింది కుదరదు, అంతవరకే చెప్పగలను. ఇద్దరం కళ్లారా చూశాం, ఫొటో ఉంది, రికార్డు ఉంది, ఆ రెండూ ఒకదానికొకటి పొసగవు. కంప్యూటర్ అదే. ఆ తర్వాత అట్లా ఎప్పుడూ ఆగలేదు. ఈ మధ్య అప్‌డేట్లను కూడా నేనే రానిస్తున్నాను.

పాత ఫారాలు మాత్రం అన్నీ తీసేశాను. ఎవరి కాగితాలు వాళ్ల ముందే పెట్టుకుని నింపుతున్నాను. లైను మెల్లగా కదులుతోంది. మొన్న ఒక హాస్టల్ పిల్లవాడు మెట్రో ఎక్కాలట, కాళ్లు కుదురుగా నిలవడం లేదు. "కొట్టెయ్ అన్నా, అంతా కరెక్టే ఉంది" అన్నాడు. మౌస్ మీంచి చెయ్యి తీశాను.

"జర ఆగు తమ్మీ" అన్నాను. "పైనుంచి ఒక్కసారి చదువుత."