షమీమ్ చదివి వినిపించిన డిటెక్టివ్ ఆట

నిన్న మా అమ్మాయి ఫోన్లో పాత డిటెక్టివ్ ఆట కనిపించగానే వట్లూరులో నా చిన్ననాటి స్నేహితురాలు షమీమ్ వాళ్లిల్లు గుర్తొచ్చింది. వాళ్ల నాన్నగారి కుట్టుమిషన్ పక్కనే కంప్యూటర్ ఉండేది. మీకూ గుర్తుందా, ఆ రోజుల్లో దుమ్ము పడకుండా కంప్యూటర్లకి గుడ్డ కప్పేవాళ్లం? తెర మీది ఇంగ్లీషు మాటల్ని షమీమ్ గొంతులు మార్చి తెలుగులో చెప్పేది. నేనూ, మా ఇంకో స్నేహితురాలు లక్ష్మీ ఆధారాలు వెతికేవాళ్లం.

ఇక హంతకుడు దొరుకుతాడనగా షమీమ్‌కు జ్వరమొచ్చింది. "నేను లేచేదాకా ఆడకండే," అంది. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. తిరిగి రాలేదు.

నలభై రోజులయ్యాక వాళ్లమ్మగారే మమ్మల్ని పిలిచారు. "మీరన్నా పూర్తి చెయ్యండమ్మా, నేను వింటాను," అన్నారు. తెర మీద మాటలొచ్చాయి. చదవబోయి మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. లక్ష్మి ఏడ్చేసింది.

"పోనీలెండమ్మా, ఇంకోరోజు ఆడుకుందురుగాని," అంటూ ఆవిడే కంప్యూటర్ ఆపేశారు.

మేం మళ్లీ వెళ్లలేదు. ఆవిడ మాకోసం ఎన్నాళ్లు ఎదురుచూశారో.