అమ్మినవాడే తిరిగి ఇప్పించాడు

మా బ్యాంకు అన్న పోయాడు. మొన్న శుక్రవారం పొద్దున ఇక్కడ కువైట్‌లో, రిగ్గైలో మా గది బయట బట్టలు ఆరేస్తుంటే కబ్ద్ నుంచి ఫోను వచ్చింది. అక్కడి గొర్రెల ఫారంలో అన్నతో కలిసి పనిచేసే ఆయన మాట్లాడాడు. "అక్కా, అన్న లేడు, ఖలాస్. గొర్రెలకు మేతేసి వచ్చి, రొమ్ములో మంటగా ఉండాదని పండుకున్యాడు. టీ తీసకపోయి లేపితే లేయలా" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. "ఆయన మీద బ్యాంకు కేసుంది కదండీ, మరి బాడీని ఇంటికి పంపనిస్తారా?" అని అడిగాను.  మనిషి పోయాడంటే మొదట అడగాల్సింది ఇదేనా అని మీకు అనిపించవచ్చు. కువైట్‌లో అప్పు మిగిలిన వాళ్ళ గురించి మొదట అడిగేది ఇదే.

అన్న ఊరు రాయచోటి. సగం జీవితం ఇక్కడే గడిచింది. ఒక బ్యాంకుకి లోన్లు పట్టుకొచ్చే పని చేసేవాడు. దజీజ్‌లో ఒక పెద్ద సూపర్‌మార్కెట్ గుమ్మం పక్కన చిన్న టేబులు, దాని వెనక తెల్ల చొక్కాలో అన్న. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. మామూలుది తన రాతకి, ఖరీదైనది మన సంతకానికి. సంతకం అయ్యాక "యల్లా, ఇంగ నిచ్చింతగా పోయి బిర్యానీ తినండి" అనేవాడు. నేను కోనసీమ దాన్ని. అప్పట్లో ఫర్వానియాలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో రక్తం శాంపిళ్ళు తీసే పని నాది. నేను నర్సుని కాదండీ బాబూ అని ఎంత మొత్తుకున్నా నన్ను "సిస్టరమ్మా" అనే పిలిచేవాడు. "సూది పట్టినోళ్ళంతా సిస్టర్లే, ఊరుకోమ్మా" అనేవాడు.

ఊళ్ళో ఇల్లు వేసుకోవడానికి లోను కావాలని ఆ టేబులు దగ్గరికి వెళ్ళాను. కాగితాలన్నీ అరబీలో ఉన్నాయి. వాటిలో ఒకటి ఇన్సూరెన్స్. ఇదేంటండీ అని అడిగితే, "ఉద్యోగం పోయిందనుకో, వాయిదాలు ఇన్సూరెన్సోళ్ళే కడ్తారు సిస్టరమ్మా. ఇది తీసుకోకుంటే లోనే రాదు" అన్నాడు. దాని ఖరీదంతా ముందే లోనులో కలిపేశారు, దాని మీద మళ్ళీ వడ్డీ. నేను మారు మాట్లాడకుండా సంతకం పెట్టాను. పరాయి దేశపు బ్యాంకులో తెలుగు వినపడితే సగం భయం పోతుంది. ఆ సగాన్నీ ఉంచుకోవాల్సింది. మనవాడు చెబుతున్నాడు కదా అని సంతకాలు పెట్టినవాళ్ళు రిగ్గైలో నాలాగే చాలామంది ఉన్నారు.

తర్వాత క్లినిక్ మూతపడింది. అందరూ ఏడుస్తుంటే నేను మాత్రం ధీమాగా ఉన్నాను, నాకు ఇన్సూరెన్స్ ఉంది కదా అని. బ్యాంకుకి వెళితే కౌంటర్లో అమ్మాయి నా కాగితం అటూ ఇటూ తిప్పి, ఉద్యోగం పోయినప్పుడు ఇది వర్తించేది ఈ దేశపు పౌరులకు మాత్రమే అంది. చనిపోతే మాత్రం అందరికీ వర్తిస్తుందని, నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పింది. చూస్తుండగానే వాయిదాలు ఆగిపోయాయి. చేసిన ఏళ్ళకి క్లినిక్ వాళ్ళిచ్చిన సర్వీసు డబ్బుల్ని బ్యాంకు పట్టి ఉంచింది. ఆ తర్వాత కేసు, కేసుతో పాటు ట్రావెల్ బ్యాన్. దేశంలో ఉండనిచ్చే ఇఖామా గడువు దగ్గర పడుతోంది. ఇక్కడ పని లేదు, ఊరెళ్ళే దారీ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా చెల్లెలి దగ్గర పెరుగుతున్న నా కూతురు దాన్నే అమ్మా అని పిలుస్తోందని ఆ రోజుల్లోనే ఫోనులో విన్నాను.

ఒళ్ళు మండి నేరుగా దజీజ్ వెళ్ళాను. టేబులు ముందు జనం ఉన్నారు. ఉంటే ఉన్నారనుకుని అందరి ముందే అరిచాను. "ఏవండీ, మీ సొంత చెల్లెలికైతే ఇలాగే అంటగట్టేవారా? నాకు పనికిరాదని తెలిసే అమ్మారా?" అన్న నా చేతిలోంచి ఇన్సూరెన్స్ కాగితం తీసుకున్నాడు. అరబీ గలగలా మాట్లాడేవాడే కానీ చదవడం అంతంత మాత్రం. గుమ్మం దగ్గరున్న ఈజిప్టు సెక్యూరిటీ ఆయన చేత ఆ పేరా చదివించుకున్నాడు. వింటుండగానే ముఖంలో రంగు మారింది. "నాకు తెలీదు సిస్టరమ్మా, అల్లా తోడు. నా లోను మింద గూడా ఇదే వేసుకున్యా" అన్నాడు. నేను నమ్మలేదు. "మీ ఒట్టు తీసుకెళ్ళి ఎయిర్‌పోర్టులో చూపిస్తే నన్ను వదిలేస్తారాండీ?" అని వచ్చేశాను.

మర్నాడు ఆయనే మా బిల్డింగుకి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చెప్పులు విడిచే చోట, మెట్టు మీద కూర్చున్నాడు. జేబులో పెన్నుల్లేవు. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన జేబులో పెన్ను చూడలేదు. ఏదన్నా రాయాల్సి వస్తే పక్కవాళ్ళని అడిగేవాడు. బ్యాంకుల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ ఆఫీసు ఒకటుందని, అబద్ధం చెప్పి అమ్మినట్టు తేలితే ఇన్సూరెన్స్ కింద పట్టుకున్న సొమ్ము వడ్డీతో సహా తిరిగిస్తారని చెప్పాడు. దాన్ని సర్వీసు డబ్బులతో కలిపితే నా అప్పు తీరిపోతుంది, నేను ఇల్లు చేరతాను. వాళ్ళెందుకిస్తారండీ అన్నాను. "అడగందే అమ్మయినా పెట్టదు, బ్యాంకు పెడ్తాదా? అడగాల" అన్నాడు.

అడిగాం. ఇన్సూరెన్స్ తీసుకోవడం తప్పనిసరి కాదని కాగితంలోనే ఉంది, ఆమె ఇష్టపడే తీసుకుంది అని బ్యాంకు జవాబిచ్చింది. ఆ రాత నిజమే. తప్పనిసరి అన్నది నోటిమాట, ఆ నోరు బ్యాంకు అన్నదే. ఆ నోరు విప్పితే ఆయన ఉద్యోగం పోతుంది, విప్పకపోతే నేను ఇక్కడే ఉండిపోతాను. విచారణకి తేదీ వేశారు. భార్యాపిల్లలున్న మనిషి, నా కోసం తన కూడు ఎందుకు పోగొట్టుకుంటాడు?

విచారణ బ్యాంకులోనే, మేనేజరు గదిలో జరిగింది. ఫిర్యాదుల ఆఫీసు నుంచి ఒక కువైటీ అధికారి వచ్చాడు. అన్నని కూర్చోమన్నా కూర్చోలేదు. తప్పనిసరి అని ఈమెకి చెప్పావా అని అధికారి అరబీలోనూ ఇంగ్లీషులోనూ అడిగాడు. అన్న నోరు తెరవకముందే మేనేజరు నవ్వుతూ, "నువ్వు మా పాత మనిషివి, తొందర లేదు, ఆలోచించుకుని చెప్పు" అన్నాడు. అన్న నా వైపు చూడలేదు.  ఆ క్షణాన ఆయన మీద ఎంత కోపం ఉందో, ఆయన కాళ్ళు పట్టుకోవాలని అంత ఆశా ఉంది. చివరికి అరబీలో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు కానీ మేనేజరు నవ్వు ఆగిపోయింది. అలా చెప్పమని నీకెవరు చెప్పారు అని అధికారి మళ్ళీ అడిగాడు. అన్న మేనేజరు వైపు చెయ్యి చూపించి, "సారే" అన్నాడు. అప్పుడు నా వైపు తిరిగాడు. "ఇన్సూరెన్స్ లేకుంటే లోను రాదని నేనే చెప్పినా సిస్టరమ్మా. అదే వాళ్ళకూ చెప్పినా" అన్నాడు.

బయటికి వచ్చాక గోడకి ఆనుకున్నాడు.  నేను నీళ్ళ సీసా కొనుక్కొచ్చి మూత తీసి ఇచ్చాను. "మీ ఉద్యోగం సంగతేంటండీ?" అన్నాను. "పోతాది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గదా. నా నోరు మంచిదే అనుకుంటి ఇన్నాళ్ళూ" అన్నాడు.

ఆయన అన్నట్టే ఉద్యోగం పోయింది. నా సొమ్ము నాకు వచ్చింది, కేసు తీసేశారు. కానీ కాగితం చేతికొచ్చినా ఎయిర్‌పోర్టు కంప్యూటర్లో బ్యాన్ పోయిందో లేదో ఎవరూ చెప్పలేరు. కౌంటర్ దాకా వెళ్ళి, పెట్టెతో వెనక్కి వచ్చినవాళ్ళని మేం ఎరుగుదుం. అందుకే అన్న నాతో పాటు వచ్చాడు. ప్రయాణికులు కానివాళ్ళని ఆపేసే కమ్మీ దగ్గర నిలబడ్డాడు. అధికారి నా పాస్‌పోర్టు చూశాడు, కంప్యూటర్ చూశాడు, పక్కాయన్ని పిలిచి ఏదో అడిగాడు. ఇద్దరూ కలిసి చూశారు. నాకు మా అమ్మాయి ముఖం కూడా గుర్తు రాలేదు. తర్వాత ముద్ర పడింది. వెనక్కి తిరిగితే అన్న కమ్మీ మీదికి వంగి, ఏమైందని చేత్తో అడుగుతున్నాడు. పాస్‌పోర్టు పైకెత్తి చూపించాను. ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ఊళ్ళో కొన్నాళ్ళుండి, రిగ్గైలో ఒక స్కూల్లో పని దొరికితే మళ్ళీ వచ్చాను. అప్పటికి అన్న కబ్ద్‌లో గొర్రెల ఫారంలో ఉన్నాడు. ఉద్యోగం పోగానే ఆయన సొంత లోను మొత్తం ఒక్కసారే కట్టమన్నారట. కట్టలేకపోతే నా మీద పడిన కేసే ఆయన మీదా పడింది. అదే ఇన్సూరెన్స్, అదే బ్యాన్. పూచీ ఉండే యజమాని, కఫీల్, మంచివాడు దొరకబట్టి ఇఖామా అయినా నిలిచింది. నా తర్వాత ఇంకొందరు ఫిర్యాదులు చేస్తే, పిలిచిన ప్రతిసారీ మేత బండెక్కి వచ్చి అదే సాక్ష్యం చెప్పి వెళ్ళేవాడు. వాళ్ళ డబ్బులు వాళ్ళకి వచ్చాయి. "మీకు కూడా అడుగుదామండీ, నేను సాక్ష్యం చెబుతాను" అని నేను పోరు పెట్టాను. ఆయన నవ్వాడు. "ఎవురు అమ్మినారని రాయాలమ్మా? నాకు నేనే అమ్ముకుంటి" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మొన్న ఆయన పోయాక, కబ్ద్ ఆయనా నేనూ కలిసి కేసు సంగతి కనుక్కోవడానికి బ్యాంకుకి వెళ్ళాం. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, చనిపోయారు కాబట్టి ఇన్సూరెన్స్ వర్తిస్తుంది, ఇక అప్పేమీ ఉండదు, బాడీని తీసుకెళ్ళడానికి మా అభ్యంతరం లేదు అంది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. అక్కడి నుంచే రాయచోటిలో వదినకి ఫోను చేసి, అప్పు తీరిపోయిందట వదినా అని చెప్పాను.  ఆమె, "అయితే ఇంగ ఇంటికొస్తాడా?" అని అడిగింది. వస్తాడు వదినా అన్నాను.

ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డు దాకా నేనూ వెళ్ళాను. కిటికీ దగ్గర ఉద్యోగి ఒక సంతకం అడిగాడు. కబ్ద్ ఆయన పెట్టాడు. అన్న ఉన్న పెట్టెను బండి మీద పెట్టి తోసుకుంటూ రబ్బరు తెరల వెనక్కి తీసుకెళ్ళారు. తెరలు ఊగి ఊగి ఆగిపోయాయి. ఎవరో ఒకరు ఇంకో కాగితం పట్టుకుని ఆగండాగండంటూ పరిగెత్తుకొస్తారేమోనని నేను అక్కడే నిలబడ్డాను. ఎవరూ రాలేదు.