మాయ మీద గడ్డ, గుమ్మంలో శకునం

రాయడం నాకు కొత్త. తప్పులుంటే ఏమనుకోకండి. ఈ విసుగు ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా వల్ల కావడం లేదు.

నాకు ఆరో నెలలో బందరులో స్కానింగ్ తీసి, కడుపులో బిడ్డకి రక్తం అందించే మాయ మీద నిమ్మకాయంత గడ్డ ఉందన్నారు డాక్టరమ్మ. "క్యాన్సర్ కాదమ్మా, భయపడకు. కానీ బిడ్డ రక్తం దాంట్లోకి కూడా వెళ్తుంది. గడ్డ పెరిగితే ఉమ్మనీరు ఎక్కువవుతుంది, బిడ్డ గుండెకి భారం. వారం వారం వచ్చి చూపించుకో, మానొద్దు" అన్నారు.

హంసలదీవి దగ్గర మా పల్లె నుంచి పొద్దున్నే ఆటోలో అవనిగడ్డ వెళ్ళి, అక్కడ బందరు బస్సు పట్టుకోవాలి. అది తప్పితే స్కానింగ్ డాక్టరు వెళ్ళిపోతారు. ఈ మాట మా అత్త బుర్రకి ఎక్కదు. సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే మగాళ్ళకి శకునం చూసినట్టే నాకూ చూస్తుంది. పిల్లి ఎదురొచ్చినా, ఖాళీ బిందె ఎదురొచ్చినా వెనక్కి రావాలి. కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, మళ్ళీ లేవాలి. అన్ని నీళ్ళు తాగి బస్సెక్కితే ఒంటేలు ఆగదు. ఆ బాధ ఎవరికీ పట్టదు.

"నేనేమన్నా వేటకి వెళ్తున్నానా అత్తా?"

"ఆళ్ళకైతే వల పోద్ది. నీకు బిడ్డే!"

పక్కింటి పిన్నిది ఇంకో గోల. "గడ్డయితే కోసి పారెయ్యకుండా వారం వారం చూడ్డమేంటే, సినిమానా?" అంటుంది. బిడ్డ లోపలుండగా మాయనెలా కోస్తారు? చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

ఎనిమిదో నెలలో కడుపు ఉన్నట్టుండి బిగిసిపోయింది. ఊపిరి అందడం లేదు. ఆ రోజే స్కానింగ్. గుమ్మం దిగానో లేదో పిన్ని ఖాళీ బిందెతో ఎదురొచ్చింది. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"లోపలికి రా. కాసేపు కూర్చుని వెళ్దువుగాని."

పిన్ని బిందె వెనక్కి దాచుకుంది. "నేను కనబళ్ళేదనుకో వదినా!"

నాకు నవ్వు రాలేదు. "బస్సు మన కోసం ఆగుద్దా? నా బిడ్డ ఆగుద్దా?" అని పల్లె మొత్తం వినేలా అరిచి, చెయ్యి విడిపించుకుని ఆటో ఎక్కాను. అత్త తిట్టుకుంటూనే వచ్చి పక్కన కూర్చుంది.

గడ్డ పెరిగింది, ఉమ్మనీరూ పెరిగింది. బిడ్డ గుండె అలిసిపోతోందన్నారు. ఇంటికి పంపలేదు. సూదితో కొంత నీరు తీశారు, బిడ్డ ఊపిరితిత్తులకని నాకు ఇంజెక్షన్లు చేశారు. మంచం పక్కనే అత్త ఫోన్లో ఊరందరికీ చెబుతోంది: "శకునం ఊరికే పోద్దా? చూడు, ఆస్పత్రిలో పడింది." నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

తర్వాత ఆపరేషన్ చేసి పాపని తీశారు. పాలిపోయి పుట్టింది, ఏడుపు కూడా సరిగా వినబడలేదు. రక్తం ఎక్కించి అద్దాల పెట్టెలో ఉంచారు. కొన్ని రోజులకి నా పక్కన పడుకోబెట్టగానే వార్డంతా లేచేలా ఏడ్చింది.

అత్త నా వైపు చూసి, "గొంతు ఎవరిదో అడగక్కర్లేదు" అంది.