చెయ్యి పట్టుకున్న సాయిబు

మా అమ్మాయి చేత హైస్కూలు ప్రవేశ పరీక్ష రాయించి నరసరావుపేటలో రైలెక్కాను. మొగుడు పోయాక కలుపు తీసి చదివించిన పిల్ల. పెట్టె నిండా పరీక్షకి పిల్లల్ని తెచ్చిన తల్లిదండ్రులే. ఎక్కేటప్పుడు నలభై మార్కులొస్తే సీటన్నారు. తర్వాతి స్టేషనొచ్చేసరికి యాభై లేందే ఇవ్వరన్నారు.

"ఎన్ని లెక్కలు చేశావే?" అన్నాను.

"రెండు వదిలేశానమ్మా."

జుట్టు పట్టి వంచి కొట్టాను. పెదవి చిట్లి రక్తమొచ్చింది. "చంపుతానే ముండా! నువ్వూ నాతో కలుపుకే వస్తావటే?" అంటూ మళ్లీ చెయ్యెత్తాను.

ఎదురు బల్ల మీద రాళ్లు కొట్టే సుత్తి పక్కన పెట్టుకుని కూర్చున్న సాయిబు నా మణికట్టు పట్టుకున్నాడు.

"చెంప మీద కొట్టమాక చెల్లెమ్మా. రెండేళ్ల కింద మావాడికి మూడు మార్కులు తగ్గినయ్యని ఈ చేత్తోనే కొట్టా. మరుసటేడు సీటొచ్చింది."

"మంచిదేగా!"

"ఏంది మంచి? అయ్యవారు చెప్పేది వాడికి ఇనపడదు."

మేం దిగే శావల్యాపురం దాకా పెట్టెలో ఎవరూ మార్కుల మాటెత్తలేదు.

బడి గోడకు ఫలితాలు అంటించిన రోజు, చదవరాని నాకు పిల్లే చూసి చెప్పింది. "రెండు మార్కులు తగ్గినయ్యమ్మా" అని, చెవులు రెండూ అరచేతులతో మూసుకుంది.

నా చేతులు రెండూ కొంగులో చుట్టేసుకున్నాను.