తెలుగులో రాసిన అనాటమీ నోట్సు

కోవిడ్ తర్వాత కార్యాలయాలు మళ్లీ పూర్తిగా తెరిచిన మొదటి వేసవి అది. జూలై నెల. ఇల్లినాయ్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, రిజిస్ట్రార్ కార్యాలయంలో నేను సీనియర్ క్రెడిట్ ఇవాల్యుయేటర్‌గా ఉన్నాను. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల చదువు ముగించి, మిగతా రెండేళ్లకు మా దగ్గరికి మారే విద్యార్థుల ట్రాన్స్‌క్రిప్టులు నా బల్ల మీదికి వచ్చేవి. అక్కడ చదివిన ఒక్కో కోర్సు మా దగ్గర ఏ కోర్సుకు సమానమో తేల్చడం నా పని. తేలకపోతే ‘ఎలక్టివ్’ అని రాస్తాం. అంటే ఆ కోర్సు మొత్తం క్రెడిట్లలో కలుస్తుంది గాని, డిగ్రీకి తప్పనిసరి అయిన కోర్సు స్థానంలో నిలబడదు. విద్యార్థి దాన్ని మళ్లీ చదవాల్సిందే.

మా రాష్ట్రంలోని కాలేజీలతో పేచీ ఉండేది కాదు. ఏ కోర్సుకు ఏది సమానమో ముందే ఒప్పందం చేసుకుని పట్టికలో ఎక్కించి ఉంచేవాళ్లం. వేరే రాష్ట్రం కోర్సు అయితే దాని సిలబస్ తెప్పించి, సంబంధిత విభాగానికి పంపాలి. సిలబస్ చదివి నిర్ణయించేది ప్రొఫెసరే. పాఠ్యాంశం మీద అభిప్రాయం చెప్పే అధికారం మాకు లేదు.

పద్మజ ఫైలు నా దగ్గరికి వచ్చినప్పుడు నర్సింగ్‌లో సీటు అప్పటికే ఇచ్చారు. ఆమె ట్రాన్స్‌క్రిప్టులు రెండు. ఒకటి మా రాష్ట్రంలోనే, అరోరా దగ్గరి కమ్యూనిటీ కాలేజీది. రెండోది అంతకుముందు కుటుంబం జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో ఉన్నప్పుడు చదివిన చిన్న కాలేజీది. అనాటమీ, ఫిజియాలజీ రెండో భాగం ఆ చిన్న కాలేజీలోనే చదివింది. గుండె, ఊపిరితిత్తులు, జీర్ణకోశం, మూత్రపిండాలు అన్నీ అందులోనే వస్తాయి. అది లేకుండా నర్సింగ్ మొదలుపెట్టనివ్వరు. ఆ కాలేజీ తర్వాత ఇంకో కాలేజీలో విలీనమైంది. పాత సిలబస్‌లు తమ దగ్గర లేవని వాళ్లు ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. కోర్సు సంఖ్య మా పట్టికలో లేదు. ‘ఎలక్టివ్’ అని రాసి సంతకం చేశాను. మొత్తం నాలుగైదు నిమిషాల పని. నిబంధన ప్రకారం అందులో తప్పేమీ లేదు.

మూడో రోజు ఆమె స్వయంగా వచ్చింది. నలభై దాటిన మనిషి, ఆసుపత్రి యూనిఫారంలోనే ఉంది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, బల్ల మీద నా పేరు చూసి ఆగింది.

“మేడమ్, మీరు తెలుగేనా?”

అవునని కూర్చోమన్నాను.

“ఆ క్లాస్ నేను చేసిన మేడమ్. ‘ఏ’ గ్రేడ్ వచ్చింది. ఇప్పుడు మళ్లీ చేయాలంటే ఈ ఫాల్ సెమిస్టర్‌కి సీటు పోతది. వచ్చే ఏడు మళ్లా అప్లై చేయాలె. వస్తదో రాదో ఎవరికి తెలుసు?”

కరీంనగర్‌లో డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివింది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక డయాలసిస్ టెక్నీషియన్‌గా చేరి, సెమిస్టర్‌కు ఒక క్లాసు, వీలైతే రెండు చొప్పున ఇన్నేళ్లుగా చదువుతూ వచ్చింది. కోర్సులో ఏం చెప్పారో చూపించే కాగితం ఏదైనా ఉందా అని అడిగాను. సంచీలోంచి మూడు లావుపాటి నోటుపుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది.

తెరిచి చూశాను. మొత్తం తెలుగులో ఉంది.

“ఇంగ్లీష్‌ల రాస్తుంటే స్పెల్లింగ్ మీదనే ధ్యాస పోతది మేడమ్. సార్ చెప్పేది మిస్ అయితది. అందుకే చెవితోని ఇంగ్లీష్ విని, చేతితోని తెలుగు రాసిన.”

విద్యార్థి నోట్సును ఆధారంగా తీసుకోవాలని మా నిబంధనల్లో ఎక్కడా లేదు, తీసుకోకూడదనీ లేదు. అప్పీలు ఫారం నింపించి, జీవశాస్త్ర విభాగంలో ఇలాంటి అభ్యర్థనలు చూసే ప్రొఫెసర్ కెంప్‌కు ఫోన్ చేశాను. ఆయన కచ్చితమైన మనిషని మా కార్యాలయంలో పేరు. పుస్తకాలు పట్టుకుని రమ్మన్నారు. పేజీలు తిరగేసి, ఇవి నిన్న రాసినవి కావని నమ్మకం ఏమిటని మొదట అడిగారు. ప్రతి పాఠం పైన తేదీ, పాఠ్యపుస్తకంలోని అధ్యాయం సంఖ్య ఉన్నాయి. మధ్యమధ్యలో ఆ కాలేజీ లెక్చరర్ ఎర్ర సిరాతో దిద్దిన చిన్న పరీక్షల కాగితాలు అంటించి ఉన్నాయి. అవన్నీ చూశాక, “సరే, నాకు చదివి వినిపించండి” అన్నారు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ‘ఎలక్టివ్’ అని రాసిన అధికారే అనువాదకురాలిగా కూర్చోవడం పద్ధతి కాదు. రిజిస్ట్రార్‌ను అడిగాను. విద్యార్థితో నాకు బంధుత్వం లేదని రాసిచ్చి, ఈ ఫైలు మీద తుది నిర్ణయం నుంచి తప్పుకుంటే అభ్యంతరం లేదన్నారు. రాసిచ్చాను.

రెండు మధ్యాహ్నాలు ఆయన గదిలో కూర్చుని చదివాను. ఏళ్ల తరబడి నేను తెలుగులో చదివినవి పెళ్లి శుభలేఖలు, ఫోన్లో మెసేజీలు అంతే. మొదటి పేజీలు తడబడుతూ చదివాను. కెంప్ తెల్లబోర్డు దగ్గర నిలబడి, నేను చెప్పేదాన్ని బొమ్మగా గీస్తూ పోయారు. నేను చదివే వరుసలోనే బోర్డు మీద గుండె నాలుగు గదులూ ఏర్పడ్డాయి, కవాటాలు పడ్డాయి. ఒక చోట మార్జిన్‌లో పద్మజ ఇలా రాసుకుంది: “తల్లి కడుపులో నాలుగో వారానికే కొట్టుకోవడం మొదలు. అప్పటికి మెదడు ఇంకా తయారు కాలేదు. మరి కొట్టుకోమని ఎవరు చెప్పారు? అడగాలి.” దాని కింద వేరే రంగు సిరాతో జవాబు ఉంది: “ఎవరూ చెప్పనక్కర్లేదు. గుండె కణాలకే ఆ లయ ఉంది. ఒక్క కణాన్ని విడిగా తీసి పెట్టినా కొట్టుకుంటుందట.”

అది చదివి నేను ఆగిపోయాను. నాకు అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. నా లోపల కొట్టుకుంటున్న దాని గురించి ఆ సంగతి అంతవరకు నాకు తెలియదు. 

రెండో రోజు మూత్రపిండాల పాఠం. “మనం బియ్యంలో రాళ్లు ఏరి పారేస్తాం. కిడ్నీ అట్లా చేయదు. బియ్యం, రాళ్లు అన్నీ కింద పోసేస్తుంది. తర్వాత బియ్యపు గింజలు మాత్రం ఒక్కొక్కటే ఏరుకుని వెనక్కి తీసుకుంటుంది. మిగిలింది బయటికి. అందుకే ఎన్నడూ చూడని విషం వచ్చినా దాన్ని గుర్తుపట్టాల్సిన పని లేదు.”

నేను ఇంగ్లీషులో చెప్పడం ముగించేసరికి కెంప్ మార్కర్ కింద పెట్టి కూర్చున్నారు. ఈ పాఠం ఇన్నేళ్లుగా చెబుతున్నాననీ, ఆ చివరి వాక్యాన్ని ఇంత సూటిగా తానెప్పుడూ చెప్పలేదనీ అన్నారు. వెంటనే మళ్లీ తన ధోరణిలోకి వచ్చి, నోట్సు వల్ల ఏం బోధించారో తెలిసింది, ల్యాబ్‌లో ఏం చేశారో తెలియలేదు, ఆమెను గురువారం పంపండి అన్నారు.

గురువారం నాకు అక్కడ అధికారికంగా పని లేదు. అనుమతి అడిగి ఒక మూల నిలబడ్డాను. బల్ల మీద భద్రపరచిన పంది గుండె, గొర్రె మూత్రపిండం, మైక్రోస్కోపు కింద కొన్ని స్లైడ్లు ఉన్నాయి. పద్మజ చేతి తొడుగులు వేసుకుని మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లింది. మొదటి స్లైడ్ తప్పు చెప్పింది. మళ్లీ చూస్తానని అడిగి, సరిచేసుకుంది. తర్వాత గుండె చేతిలోకి తీసుకుంది. ఎడమ గది గోడ ఎందుకు మందమో, రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. చివరికి కెంప్ మూత్రపిండాన్ని నిలువుగా కోసి ఆమె ముందు పెట్టారు. ఆమె భాగాలన్నీ చూపించి, దాన్ని చేతిలోకి తీసుకుంది. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అంది:

“మా సెంటర్‌ల డయాలసిస్ మిషన్ ఫ్రిజ్ అంత ఉంటది మేడమ్. పేషంట్‌ని నాలుగు గంటలు కూర్చోబెట్టినా ఇది చేసే పని పూర్తిగా చేయలేదు. ఇదేమో గుప్పిట్ల పడుతది. పట్టుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తది. సార్‌కి ఎట్ల చెప్పాలో తెలుస్తలేదు.”

ఆ మాటలు నేను ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తలూపి, ఫారం మీద ‘సమానం’ అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశారు. నేను తప్పుకున్నాను కాబట్టి కింద మరో సహోద్యోగి సంతకం చేసింది. నర్సింగ్ విభాగం పెట్టిన గడువుకు ఇంకా రెండు రోజులున్నాయి.

పద్మజకు యూనివర్సిటీ తేలిగ్గా సాగలేదు. మొదటి సెమిస్టర్‌లో మందుల గురించి చెప్పే ఫార్మకాలజీలో తప్పినంత పనైంది. లైసెన్స్ పరీక్ష రెండో ప్రయత్నంలో పాసయింది. ఇప్పుడు మూత్రపిండ రోగుల వార్డులో నర్సుగా పనిచేస్తోంది.

ఆ ఏడాది చివర్లో మా అప్పీలు ఫారంలో ఒక గడి చేర్చాలని ప్రతిపాదించాను: సిలబస్ దొరకనప్పుడు, కోర్సు విషయాన్ని చూపే ఇతర ఆధారం. రెండు సమావేశాల తర్వాత ఆమోదించారు. ఫారం సంగతి అలా ఉంచితే, నా పని తీరు కూడా కొంత మారింది. కోర్సు సంఖ్య పట్టికలో కనపడకపోతే దాని విలువ తేలిపోయినట్టు అంతకుముందు అనుకునేదాన్ని. నిజానికి ఆ కోర్సు గురించి మేమింకా ఏమీ తెలుసుకోలేదని మాత్రమే దాని అర్థం. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా, తెలియని కోర్సుకు ‘ఎలక్టివ్’ అని రాసే ముందు విద్యార్థికి ఒకసారి ఫోన్ చేసి, ఆ క్లాసు తాలూకు కాగితాలు మీ దగ్గర ఏమున్నాయని అడిగేదాన్ని. ఎక్కువమంది దగ్గర ఏమీ ఉండేది కాదు. అయినా అడిగేదాన్ని.